వ్యాపారులారా, పిరుదులు పెంచుకోండి!

జహీరాబాద్‌లోని వ్యాపారస్తులందరూ వెంటనే పిరుదులు పెంచే ఆపరేషన్ చేయించుకోవాలి. ఇది నా డిమాండ్. ముందు బట్టల దుకాణాలవాళ్లు, తర్వాత కిరాణంవాళ్లు, ఆ తర్వాత బంగారంవాళ్లు. దయచేసి తోసుకోవద్దు!

నవ్వుతున్నారా? నవ్వండి, నష్టం లేదు. ఇంప్లాంట్ అంటే సినిమావాళ్ల వ్యవహారమని ఒకప్పుడు నేనూ నవ్వినవాణ్నే. ఇప్పుడు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, రెండు సిలికాన్ ముద్దలు నాలో కాపురం ఉంటున్నాయి. అద్దె ఇవ్వవు, ఖాళీ చేయవు. అయినా చెబుతున్నాను, ముప్పై ఏళ్ల వ్యాపారంలో ఇంత లాభసాటి బేరం నేను చేయలేదు.

నా పేరు చెన్నబసప్ప. బస్టాండు నుంచి వచ్చే రోడ్డులో మాది చీరల దుకాణం. నాన్న పెట్టింది. నాకు యాభై మూడేళ్లు. అందులో ముప్పై ఏళ్లు గల్లా పెట్టె పక్కన, తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద గడిచాయి. రోజుకు పదకొండు గంటలు, ఏడాదికి మూడు వందల నలభై రోజులు. లెక్క వేయండి. నేను వేశాను. లక్షా పన్నెండు వేల రెండు వందల గంటలు!

ఇన్ని గంటలు బరువు మోస్తే ఏ సరుకు మాత్రం అరగదు? నావీ అరిగాయి. వెనకనుంచి చూస్తే గోడకు ఆనించిన చెక్కపలకలా ఉండేవాణ్ని. ప్యాంటు జారేది. కూర్చుంటే ఎముక నేరుగా గద్దెకు తగిలేది. దూది మార్చాను. దూది తీసేసి స్పాంజి వేశాను. స్పాంజి తీసేసి, నడుమ రంధ్రం ఉన్న గాలిదిండు తెచ్చాను. ఏదైనా ఆరు నెలలకే అణిగిపోయేది.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఒక క్లినిక్ ప్రకటన కనిపించింది. హైదరాబాద్‌లో పిరుదులకు సిలికాన్ ఇంప్లాంట్లు వేస్తారట. నా వ్యాపార బుద్ధి చకచకా పనిచేసింది. దిండును గద్దె మీద పెట్టడం ఎందుకు? లోపలే పెట్టించుకుంటే సరిపోదా? ఎక్కడికి పోయినా వెంట వస్తుంది. ఎవరూ ఎత్తుకుపోరు. గలేబు ఉతికే పని లేదు!

మా ఆవిడ మహాదేవికి ఈ ఆలోచన గొప్పతనం అర్థం కాలేదు.

“యాభై మూడేండ్లకు గిదేం సోకు? ముందల పెరిగింది సాల్దా, ఎనక గూడ పెంచుకుంటరా?” అంది.

“సోకు కాదే, సౌలత్. సుఖంగ కూసునెటందుకు” అన్నాను.

“మంచిగనే ఉంది. రేపు కాళ్లు గుంజితె చక్రాలు పెట్టిచ్చుకుంటరేమొ!”

దూరదృష్టి గలవాళ్లకు ఇంట్లో ఎప్పుడూ ఇదే గౌరవం.

అదే వారం దుకాణంలో నారమ్మ ఒక మాట అడిగింది. నారమ్మది ఝరాసంగం దగ్గర పల్లె. రోజూ షేర్ ఆటోలో వస్తుంది. పద్దెనిమిదేళ్లుగా మా దగ్గర చీరలు చూపిస్తోంది. పెళ్లిబట్టలకు వచ్చే ఆడవాళ్లు గుమ్మంలోనే “నారమ్మ ఉందా?” అని అడుగుతారు. చెన్నబసప్ప ఉన్నాడా అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

“సేటూ, ఒక స్టూలు ఏపియ్యుండ్రి” అంది. “పిక్కలల్ల నరాలు ఉబ్బినయి. సర్కారు దవాఖానల సూపెట్టుకుంటె, దినమంత నిలవడుడు బందు చెయ్యమన్నడు డాక్టరు.”

“షోరూమ్ల కూసుంటె గిరాకీ ఏమనుకుంటది నారమ్మా? హైదరాబాద్‌ల సూడు, ఎవలన్న కూసుంటరా?”

“హైదరాబాదోళ్ల కాళ్ల సంగతి నాకెట్ల ఎరుక సేటూ? నా కాళ్లయితె గుంజుతున్నయి.”

“సూద్దాం తియ్యి.”

“రెండేండ్ల సంది సూస్తనే ఉన్నరు. శ్రావణం లగ్గాలదాక చేస్త. ఆఖరి లగ్గం చీర అమ్మిననాడు ఇంటికి పోత. జొన్నచేన్ల కలుపు తీసుకుంటనన్న బతుకుత. ఆడనన్న కూసోనిస్తరు.”

బెదిరింపు కాదు. గొంతు కూడా పెంచలేదు. చీర మడతపెడుతూ చెప్పింది. ఆమె పోతే మా దుకాణంలో పెళ్లి గిరాకీ సగం పోతుందని నాకు తెలుసు. అయినా శ్రావణానికి ఇంకా టైముంది కదా అనుకున్నాను. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. ఆపరేషన్‌కు మంచి అదను.

క్లినిక్‌లో డాక్టరు చిన్నవాడు. ఎంతో మర్యాదగా, “సార్, సర్జరీ నుంచి మీ ఎక్స్‌పెక్టేషన్స్ ఏంటి?” అని అడిగాడు. “మెత్తగా ఉండాలి, మన్నిక ఉండాలి” అన్నాను. ఆయన శాంపిల్ ఇంప్లాంట్ చేతికిచ్చాడు. నొక్కి చూశాను. సాగదీసి చూశాను. వెలుతురులో పెట్టి చూశాను. కుంచించుకుపోదు కదా అని అడిగాను. గ్యారంటీ కార్డు అడిగాను. ముప్పై ఏళ్లు సరుకు చూసిన చేయి ఇది, దీన్ని ఎవరు మోసం చేయగలరు?

తర్వాత ఆయన కాగితం మీద బొమ్మ గీసి ఏదో వివరించడం మొదలుపెట్టాడు. నేనేమో ఒకదాని ధరకు జత రాదా అనే విషయం మీద దృష్టి పెట్టాను. రాలేదు. చూపించిన చోటల్లా సంతకాలు చేశాను.

ఇక ఆపరేషన్ గురించి. భయపడవలసింది ఏమీ లేదు. మత్తు ఇస్తారు, గంటన్నర పడుతుంది. రెండు పిరుదుల నడుమ కోసి, లోపలి కండరంలో అరలు చేసి, ముద్దలు సర్ది కుట్టేస్తారు. కుట్లు బయటికి కనిపించవు. మా దుకాణంలో బ్లౌజులు కుట్టేవాడికి ఆ పనితనం చూపించాలని ఎంతో ఉంది, కానీ కుదిరే పని కాదు.

మెలకువ రాగానే డాక్టరు చెప్పిన మొదటి మాట: “సార్, మూడు వారాలు కూర్చోకూడదు.”

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పాడు. కూర్చోకూడదు, వెల్లకిలా పడుకోకూడదు, పడుకుంటే బోర్లానే. బరువులు ఎత్తకూడదు. ఆరు వారాలు బిగుతు నిక్కరు విప్పకూడదు. కుట్లకు చీము పట్టవచ్చు, ఇంప్లాంట్ పక్కకు జరగవచ్చు, జ్వరం వస్తే వెంటనే రావాలి. ఇదంతా ముందే చెప్పానని, నేను సంతకం కూడా పెట్టానని కాగితం చూపించాడు. సంతకం నాదే. కుదురైన సంతకం!

సుఖంగా కూర్చోవడానికి ఆపరేషన్ చేయించుకుని, అసలే కూర్చోలేని స్థితికి వచ్చినవాణ్ని మీరెక్కడైనా చూశారా?

ఇంటికి కారు వెనక సీట్లో బోర్లా పడుకుని వచ్చాను. టోల్ గేటు దగ్గర కుర్రాడు అద్దంలోంచి తొంగిచూసి, “ఏమైందమ్మా పెద్దాయనకు?” అని అడిగాడు. ముందు సీట్లోంచి మహాదేవి, “ఏం గాలే బిడ్డా, సౌలత్ ఎక్కువైంది” అంది.

ఎనిమిది రోజులు బోర్లా పడుకుని నేల మీద టైల్స్ లెక్కపెట్టాను. తొమ్మిదో రోజు దుకాణానికి పోక తప్పలేదు. మా బజారులో ఒక అలవాటుంది. వారం దాటి గద్దె ఖాళీగా కనిపిస్తే దుకాణం చేతులు మారిందని లెక్క. ఎవరూ ఎవర్నీ అడగరు, తేల్చేస్తారు. చీరలు సప్లై చేసేవాళ్లు ఫోన్ చేసి నా ఆరోగ్యం కంటే ముందు కొత్త ఓనరు పేరు అడగడం మొదలుపెట్టారు.

పోయి గద్దె పక్కన నిలబడ్డాను. ఐదు నిమిషాల్లో ఎదురు వరసలోని విరూపాక్ష వచ్చాడు. అతనికి స్టీలు సామాన్లు, ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఉంది. అతని దగ్గరికి వార్త చేరిందంటే చిరాగ్‌పల్లి దాటి కర్ణాటకలోకి పోయినట్టే.

“ఏం చెన్నబసన్నా, గద్దె ఎవలికిచ్చినవ్?”

“ఎవలికియ్యలే. జర తబియత్ మంచిగలేదు. కూసోరాదు.”

“కూసోరాదా? ఎందుకు?”

నిజం చెప్పనా? చెబితే నా మనవళ్ల కాలం దాకా బజారు మరిచిపోదు. చప్పున తోచిన మాట అన్నాను. “పైల్స్.”

విరూపాక్ష ముఖం వెలిగిపోయింది! “గట్ల జెప్పు మరి! నాకు పన్నెండేండ్ల సంది ఉన్నయి!” అని నా చేయి పట్టుకున్నాడు. ఆ రోజు సాయంత్రానికల్లా బజారంతా నన్ను పరామర్శించింది. ఒకరు మజ్జిగ తాగమన్నారు, ఒకరు ముల్లంగి తినమన్నారు. ముప్పై ఏళ్లలో నాకు పలకరింపు కూడా లేని హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన గుట్టుగా చూర్ణం పొట్లం పంపాడు. గద్దె మీద బతికే మా జాతి మొత్తం ఒకే రోగంతో బంధుత్వం కలిపి ఉందని నాకప్పుడే తెలిసింది.

పరువు దక్కింది. కాళ్లు మిగిలాయి.

మీరు ఎప్పుడైనా పది గంటలు నిలబడ్డారా? నడవడం కాదు, పొలం పని కాదు, ఒకే చోట నిలబడటం. మొదటి గంట బాగానే ఉంటుంది. రెండో గంటకు మడమలు మాట్లాడతాయి. నాలుగో గంటకు మోకాళ్లు, ఆరో గంటకు నడుము. ఎనిమిదో గంటకు ఎదురుగా ఉన్న పెళ్లికూతురు అరవయ్యో చీర విప్పమంటే, ఆ పెళ్లి చెడిపోతే బాగుండునన్న పాపపు ఆలోచన వస్తుంది. నాకు మొదటి రోజు మూడో గంటకే వచ్చింది.

నా అవస్థ నారమ్మ చూసింది.

“గట్ల బిగవట్టి నిలవడితె దినం పోదు సేటూ. ఒక కాలు గా అట్టడబ్బ మీద పెట్టుండ్రి. జరసేపైనంక ఇంకోటి.”

పెట్టాను. ప్రాణం లేచివచ్చింది.

“చెప్పులిడిసి గీ పాత దుప్పటి మడత మీద నిలవడుండ్రి. గిరాకీ లేనప్పుడు నడుము రాక్‌కు ఆనియ్యుండ్రి. మల్ల సేటు సూస్తె తిడతడు గని.”

“ఏ సేటు?”

“మీరే సేటూ.”

ఇన్ని విద్యలు వీళ్లు ఎప్పుడు నేర్చారు? నా కళ్ల ముందే నేర్చారు! వాళ్లకు ఎదురుగానే నేను కూర్చుని ఉన్నాను. కూర్చున్నవాడికి నిలబడ్డవాళ్ల మొహాలు కనిపిస్తాయి, కాళ్లు చీరలు నింపిన గాజు కౌంటర్ వెనక ఉంటాయి.

మరో సంగతి. మా దుకాణంలో కింది అర ఎప్పుడూ చెదిరే ఉంటుంది. పొద్దున సర్దితే మధ్యాహ్నానికి చెదురుతుంది. పదకొండేళ్లుగా నేను అరుస్తూనే ఉన్నాను. ఒకరోజు కౌంటర్ వెనక నిలబడి ఉండగా, మా దగ్గర పనిచేసే కావ్య అనే అమ్మాయి పై అరలోంచి నాలుగు చీరలు తీసి కింది అరలో కుక్కడం చూశాను. తర్వాత గొంతుకిలా కూర్చుని వాటిని ఒక్కొక్కటే తీసి నిదానంగా మడతపెట్టింది. రెండు నిమిషాలు. ఆమె లేవగానే రెండో అమ్మాయి శిల్ప పోయి మళ్లీ చెదరగొట్టి కూర్చుంది.

కింది అర సర్దడం ఒక్కటే మా దుకాణంలో కూర్చుని చేసే పని. అందుకే అది ఎన్నటికీ పూర్తి కాదు!

మా నాన్న కాలంలో ఇలా లేదు. దుకాణం పొడుగునా ఒకే పరుపు ఉండేది. గిరాకీ, పనివాళ్లు, మేము, అందరం దాని మీదే కూర్చునేవాళ్లం. పదకొండేళ్ల కింద నేను దాన్ని షోరూమ్ చేశాను. గాజు కౌంటర్లు పెట్టించాను, లైట్లు, ఏసీ పెట్టించాను. పరుపు తీసేసి నా కింద ముక్క మాత్రం ఉంచుకున్నాను. అంటే నారమ్మ మా దగ్గర ఏడేళ్లు కూర్చుంది, పదకొండేళ్లు నిలబడింది. ఈ లెక్క వేయడానికి కాల్‌క్యులేటర్ అక్కర్లేదు. అయినా నాకు ఇంత కాలం పట్టింది.

రెండేళ్లు మంచిమాటగా అడిగితే కొనని స్టూలు కొనడానికి నాకు జనరల్ అనస్థీషియా అవసరమైంది. అందుకే అంటున్నాను, ఆపరేషన్ తప్ప మన జాతికి వేరే మందు లేదు!

మర్నాడే విరూపాక్ష దుకాణంలో నాలుగు స్టూళ్లు తీసుకున్నాను.

“స్టూళ్లెందుకన్నా? నువ్వు కూసోరాదు గద?”

“నాకు గాదు. దుకాణంల ఆడోళ్లకు.”

అతను స్టూలు చేతిలోనే ఆపేశాడు. “దిమాగ్ ఖరాబైందా? రేపు మావోళ్లు గూడ అడుగుతరు! పైల్స్ తలకెక్కినయా ఏంది?”

స్టూళ్లు వచ్చాయి. కౌంటర్ వెనక వరసగా వేయించి, “కూసోండి” అన్నాను. ఎవరూ కూర్చోలేదు.

“సేటు నిలవడితె మేమెట్ల కూసుంటం?” అంది కావ్య.

సబబే అనిపించింది. నాకు పర్మిషన్ వచ్చాక కూర్చుంటార్లే అనుకున్నాను. అప్పటికే శ్రావణం వచ్చింది, పెళ్లిళ్లు మొదలయ్యాయి. నారమ్మ రోజుకు మూడు పెళ్లిళ్ల చీరలు అమ్ముతోంది. ఒక్కొక్క లగ్గం తేదీ దాటుతుంటే నా గుండెలో ఒక్కొక్క మెట్టు దిగుతున్నట్టు ఉంది. స్టూలు ఆమె పక్కనే ఉంది. దాని మీద టేపు, కత్తెర, నీళ్ల సీసా కూర్చున్నాయి. నారమ్మ కూర్చోలేదు.

ఇరవై రెండో రోజు డాక్టరు పరీక్ష చేసి, “బాగా మానింది సార్, ఇక మెల్లమెల్లగా కూర్చోవచ్చు” అన్నాడు. ఎంతో ఆశతో ఆయన ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. మెత్తదనం కోసం ఎదురుచూశాను. ఎముక తగిలింది. అదే పాత ఎముక!

“డాక్టర్ సాబ్, దిండేది?”

“ఏ దిండు?”

“మీరు పెట్టింది!”

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. “సార్, ఇంప్లాంట్ మీద ఎవరూ కూర్చోరు. అది పై భాగంలో, కండరంలో ఉంటుంది. మీరు కూర్చునే ఎముక దానికి చాలా కింద ఉంటుంది. అది షేప్ కోసం. ఫస్ట్ డేనే బొమ్మ గీసి చూపించాను కదా!”

ఆ బొమ్మ గీస్తున్నప్పుడు నేను జత ధర మాట్లాడుతున్నాను. సరుకు నొక్కి చూశాను, సాగదీసి చూశాను, ఏ అంతస్తులో దించుతారో మాత్రం అడగలేదు. ఒక మేలు జరిగింది. ప్యాంటు జారడం లేదు.

తిరిగివచ్చి గద్దె మీద కూర్చున్నాను. పాత గాలిదిండుతో సహా. “ఇగ నేను కూసున్న గద. మీరు గూడ కూసోండి” అన్నాను. ముగ్గురూ తలూపారు. ముగ్గురూ నిలబడే ఉన్నారు.

“ఏమైంది నారమ్మా?”

“పదకొండేండ్లు కూసుంటె కండ్లు పెద్దగ చేసిన్రు గద సేటూ. మీరు సూస్తుంటె కాళ్లు వంగుతలెవ్.”

దీనికి ఏ డాక్టరు దగ్గర ఆపరేషన్ ఉంది చెప్పండి?

ఏమీ తోచక చాయ్ తాగడానికి బయటికి పోయాను. చాయ్ హోటల్ మా దుకాణానికి ఎదురుగానే ఉంది. గ్లాసు పట్టుకుని యథాలాపంగా ఇటు తిరిగాను. అద్దంలోంచి లోపల కావ్య కూర్చుని కనిపించింది. శిల్ప కూర్చుంది. నారమ్మ నీళ్ల సీసా, కత్తెర, టేపు తీసి పక్కన పెట్టి, కొంగుతో స్టూలు దులిపి, మెల్లగా కూర్చుంది. ఎదుట ఒక పెళ్లికూతురి తల్లి ఉంది. నారమ్మ కూర్చునే చీర విప్పింది. ఆ తల్లి ఏమీ అనుకోలేదు. ఆమె కూడా నాలుగో స్టూలు లాక్కుని కూర్చుంది.

నేను దుకాణంలోకి రాగానే ముగ్గురూ దిగ్గున లేచారు.

అర్థమైంది. లోపం స్టూళ్లలో లేదు, గద్దె మీద ఉంది. అందుకని దుకాణంలో ఒక ప్రకటన చేశాను. “డాక్టరు ఖచ్చితంగా చెప్పిండు. గంటకోపారి పది నిమిషాలు బయట తిరగాలె. లేకుంటె ప్రమాదం.” డాక్టరు అలాంటిదేమీ చెప్పలేదు. ఇది మీకూ నాకూ మధ్య ఉండాలి. విరూపాక్ష చదువుతాడన్న భయం లేదు, ఇది అచ్చయ్యే పత్రిక అతని దుకాణానికి గిన్నెలు చుట్టడానికే వస్తుంది.

అప్పటినుంచి రోజుకు పదిసార్లు బజారు చుడుతున్నాను. పాపం, చెన్నబసప్పకు ముదిరిపోయిందని బజారు అనుకుంటోంది. అనుకోనివ్వండి.

శ్రావణంలో ఆఖరి లగ్గం చీర నారమ్మే అమ్మింది. డబ్బాలో పెట్టి, కుంకుమ పొట్లం వేసి ఇచ్చింది. నేను నోరు విప్పలేదు. బేరం తెగే సమయంలో మాట్లాడకూడదని వ్యాపారికి తెలుసు. ఆమె చెప్పులు వేసుకుని షేర్ ఆటో ఎక్కింది. మర్నాడు దుకాణం తెరిచి గద్దె మీద కూర్చున్నానే గాని, కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. పది గంటలకు ఆటో ఆగింది. నారమ్మ దిగింది. ఏమీ జరగనట్టు లోపలికి వచ్చి, దుమ్ము దులిపి, అరలు సర్దడం మొదలుపెట్టింది. కింది అర చెదరలేదు.

నాకు సంతోషం పట్టలేక చప్పున లేచి బయటికి పోయాను. వెధవ సంతోషం, కాళ్లు వేగంగా నడిచాయి. తొందరగా చుట్టేసి తిరిగివచ్చి గుమ్మంలో కాలు పెట్టాను.

కావ్య, శిల్ప లేచారు. నారమ్మ లేవలేదు. గోడ గడియారం వైపు చూసింది.

“సేటూ, డాక్టరు పది నిమిషాలన్నడు గద. ఏడుకే వచ్చిన్రు.”

గుమ్మంలోంచే వెనక్కి తిరిగాను.